ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం

కోర్టులో ఆమెని అందరూ సుడిగాలి అంటారు. ఎదుట కాదు లెండి, వెనకాల. ఎదుట అనే ధైర్యం ఎవరికుంది? నల్లగౌను ఎగరేసుకుంటూ ఆమె వరండాలో వస్తుంటే చేతుల్లో ఉన్న కాగితాలు గట్టిగా పట్టుకోవాల్సిందే. ఆ పొద్దున అయితే అది నడక కూడా కాదు, పరుగే. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేస్తోంది. వెనకాల టైలరక్క రొప్పుతూ వస్తోంది.

"లాయరమ్మా, కాస్త ఆగు తల్లీ. నా మోకాళ్లు నీ మోకాళ్లలాంటివి కావు."

"ఆగితే ఎలా అక్కా! ఇవాళ తాడోపేడో తేలిపోవాలి."

టైలరక్క కోర్టు వెనక సందులో మిషను పెట్టుకుని లాయర్ల గౌన్లు కుడుతుంది. ఆ కోర్టులో సగం మంది భుజాల కొలతలు ఆమెకి నోటికి వచ్చు. ఆమెకున్నది ఒక్కగానొక్క తమ్ముడు, అమ్మానాన్నా పోయాక తన చేతుల మీద పెంచినవాడు. లిఫ్టు మెకానిక్కు. ఓ సర్కారు మేడలో లిఫ్టు ఇరుక్కుపోయిందంటే బాగుచెయ్యడానికి వెళ్లాడు. అదే వారం ఆ మేడ పై అంతస్తులో ఏవో రహస్య పటాలు మాయమయ్యాయి. ఇంకేముంది! విచారణ విభాగం వాళ్లు వచ్చి పనిబట్టల్లో ఉన్నవాణ్ని ఉన్నట్టే ఎత్తుకుపోయారు. కొన్నాళ్లకి, "పటాలు నేనే తీశాను, నేనే అమ్ముకున్నాను" అన్న వాంగ్మూలం మీద సంతకం పెట్టాడన్నారు. పటాలు దొరకలేదు. కొన్నవాడు దొరకలేదు. అమ్మిన డబ్బూ దొరకలేదు. దొరికిందల్లా ఆ సంతకం ఒక్కటే. మనిషిని బతికినన్నాళ్లూ జైల్లో ఉంచడానికి అదొక్కటీ చాలు.

విచారణ గదిలో జరిగేదంతా వీడియో తీయాలని చట్టం ఉంది. సరే, ఆ వీడియో చూపించండి అని టైలరక్క పేరున పిటిషను వేసి సుడిగాలి కోర్టుకెక్కింది. దానికి సర్కారు వారి జవాబు వినండి. "దేశభద్రత దృష్ట్యా అటువంటి రికార్డింగులు ఉన్నాయని గానీ, లేవని గానీ చెప్పజాలము." ఇదేం చోద్యమండీ! మా గిన్నె మీ ఇంట్లో ఉందా అని పక్కింటివాణ్ని అడిగితే, ఉందనీ చెప్పను, లేదనీ చెప్పను, అసలు నువ్వు అడగడమే నేరం అన్నట్టుంది. అడిగిన ప్రతిసారీ అదే పాట. ఇవాళ్టికి కూడా జడ్జిగారు వీడియో తెమ్మనకపోతే, ఇక ఆ సంతకం ఒక్కదాని మీదే కేసు నడిచిపోతుంది. నడిచిందంటే ఆ కుర్రాడి బతుకు తెల్లారినట్టే.

పోనీ ఆ కుర్రాడన్నా నోరు విప్పుతాడా? సుడిగాలి జైలుకి వెళ్లి అడిగి అడిగి అలసిపోయింది. కొట్టారా అంటే లేదంటాడు. బెదిరించారా అంటే గోడవైపు తిరుగుతాడు. "మీ అక్క పంపిందయ్యా నన్ను" అంటే మొహం పాలిపోయి, "అక్కని ఇందులోకి రానివ్వకండి" అని తప్ప మరో మాట లేదు. అక్కని చూడ్డానికి కూడా ఒప్పుకోలేదు. టైలరక్కకి అదే కడుపులో చిచ్చు.

కోర్టు హాలు బయట బల్ల మీద కూలబడి అదే అంది. "చెయ్యని పనికి ఎలా సంతకం పెట్టాడు లాయరమ్మా? నేను అలా పెంచానా వాణ్ని? ఒక్కోసారి నిజంగానే చేశాడేమో అని కూడా అనిపిస్తోంది. అలా అనిపించినందుకు నిన్న నా చెంప నేనే వాయించుకున్నాను."

"ఛ, ఊరుకో అక్కా. లోపలికెళ్లాక మాత్రం నోరు కుట్టేసుకో. కుట్టడం నీకు నేను నేర్పక్కర్లేదు కదా."

టైలరక్క ఏడుపులోనే ఓ నవ్వు నవ్వింది. సుడిగాలి కూడా నవ్వింది. నిజానికి ఆమె దగ్గర ఈసారి కొత్త చట్టం ఏదీ లేదు, కొత్త సాక్ష్యమూ లేదు. ఉన్నదల్లా ఒక్క ఆలోచన. అది రాత్రి అన్నం కలుపుకుంటుంటే తట్టింది. తట్టాక అన్నం సయించలేదు.

ఆ ఆలోచన సర్కారు తరఫున వాదించే పెద్దాయన గురించి. ఆయన ఎవరో కాదు, ఆమె గురువే. నల్లకోటు వేసుకున్న కొత్తల్లో ఏళ్ల తరబడి ఆయన ఆఫీసులో ఫైళ్లు మోసింది, చీవాట్లు తింది, పని నేర్చుకుంది. ఆయనకి ఒక పట్టుదల ఉంది. కన్ను చూడనిది నోట రానివ్వడు. "చూడని కాగితం మీద వాదించేవాడు లాయరు కాదు, మైకు" అని జూనియర్లని ఝాడించేవాడు. ఒకసారి ఎవరో పెద్ద అధికారి, ఫైలు చూపించడం కుదరదు, మీరు వాదించండి చాలు అంటే, "అయితే మైకు కొనుక్కోండి" అని వాకిలి చూపించాడు. ఆ కథ కోర్టులో టీ అమ్మేవాడికి కూడా తెలుసు.

అంటే ఏమిటన్నమాట? వీడియో చూడకుండా ఆయన ఈ కేసు పట్టుకోడు. చూసే ఉంటాడు. చూశాడంటే వీడియో ఉన్నట్టేగా! కాకపోతే ఆ మాట ఆయన నోటివెంటే రావాలి. అడిగితే చెప్పడు. దేశభద్రత అంటాడు. మరి అడక్కుండా ఎలా చెప్పించాలి? పెద్దాయనకి రెండో బలహీనత ఒకటుంది. ముక్కుమీద కోపం.

హాలు కిక్కిరిసి ఉంది. పైన ఫ్యాన్లు కిరకిరలాడుతున్నాయి. జడ్జిగారు నెమ్మదస్తురాలు. ఆవిడ గొంతు పెంచగా ఎవరూ వినలేదు. పెద్దాయన లేచాడు. తెల్లజుట్టు, నిటారు నడుము, గంటకొట్టినట్టు గొంతు. ఆయన వెనక కుర్చీలో విచారణ విభాగం ఆఫీసరు బూడిదరంగు కోటులో బిగుసుకుని కూర్చున్నాడు.

"యువరానర్! విచారణ గది ఎలా ఉంటుంది, ప్రశ్నలు ఏ వరసలో అడుగుతారు, అడిగే అధికారుల ముఖాలేమిటి, ఇవన్నీ శత్రువుకి బంగారు గనులు. ఒక్క మనిషి కోసం దేశం తలుపులు బార్లా తెరుద్దామా? అటువంటి రికార్డింగు ఉన్నదని కూడా నేను చెప్పను. లేదని కూడా చెప్పను."

బాగా మాట్లాడాడు. నిజం ఒప్పుకోవాలి, సుడిగాలికి కూడా ఒళ్లు పులకరించింది. ఆ ముసలాయన దగ్గరే కదా తనూ మాట్లాడ్డం నేర్చుకుంది! మరుక్షణం లేచి నిలబడింది.

"యువరానర్, నేను వాదించడానికి లేవలేదు. జాలిపడ్డానికి లేచాను."

జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "ఎవరి మీదమ్మా జాలి?"

"మా గురువుగారి మీదండీ. చూడని కాగితం మీద వాదించేవాడు లాయరు కాదు, మైకు అని ఆయనే నాకు నేర్పారు. ఆ మాట ఈ హాల్లో తెలియనివాళ్లు లేరు. ఇవాళ ఉందో లేదో కూడా చెప్పలేని దాని మీద ఆయన గంటసేపు మాట్లాడారు. పాపం, వయసు మీద పడింది. సర్కారువారు ఏది రాసిస్తే అది చదివే రోజులొచ్చాయి. మైకు వైరు ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాను."

హాలు ఘొల్లుమంది. వెనక బల్లల్లో ఎవడో ఈల కూడా వేశాడు. సుడిగాలి నవ్వలేదు. పెద్దాయన చెవులు ఎర్రబడడం చూసి ఆమె గుండె కలుక్కుమంది. ఆ ముసలాయన తన పెళ్లికి మొదటి అక్షింతలు వేసినవాడు. కానీ జైలు నుంచి తెచ్చిన ఆ లిఫ్టు మెకానిక్కు కింద కోర్టు లాకప్పు గదిలో కూర్చుని ఉన్నాడు కదా. పళ్లు బిగించి నిలబడింది.

పెద్దాయన బల్ల మీద ఫెళ్లున చరిచాడు.

"ఎవరమ్మాయ్ మైకు? నేనా మైకుని? చూడకుండా నేనెప్పుడైనా నోరు విప్పానా? చూశాను! నా కళ్లతో చూశాను! కుర్చీలో హాయిగా కూర్చున్నాడు నీ క్లయింటు. ఒంటి మీద గీత లేదు. నవ్వుతూ పెట్టాడు సంతకం, నవ్వుతూ! ఇక్కడికొచ్చి నువ్వు..."

అక్కడ ఆగిపోయాడు.

ఫ్యాన్ల కిరకిర ఒక్కటే వినిపిస్తోంది. బూడిదరంగు కోటు ఆఫీసరు ఆయన గౌను అంచు పట్టుకుని లాగాడు. ఇప్పుడు లాగి ఏం లాభం నాయనా, నోరు జారాక!

సుడిగాలికి అరవాలనిపించింది, గెంతాలనిపించింది. అయినా గొంతు వీలైనంత నెమ్మదిగా పెట్టి అంది.

"యువరానర్, గురువుగారి మాటలు దయచేసి ఉన్నవి ఉన్నట్టు రాయించండి. వీడియో ఉంది. ఆయన చూశారు. అందులో ఏముందో, తన కేసు గెలవడానికి, నిండు కోర్టులో మీకు చెప్పారు కూడా. ఒక పక్షం వాడుకున్న రికార్డుని రెండో పక్షానికి చూపించనని అనకూడదు. ఇది కూడా నాకు ఆయనే నేర్పారు."

ఆఫీసరు లేచిపోయాడు. "మేడమ్, ఇది దేశభద్రతకి..."

"కూర్చోండి," అన్నారు జడ్జిగారు. గొంతు అప్పుడూ పెరగలేదు. "మీ లాయరుగారు అందులో సగం చెప్పేశారు. మిగతా సగం నేను చూడాలి. మధ్యాహ్నం కోర్టు మొదలయ్యేసరికి మొత్తం రికార్డింగు నా గదిలో ఉండాలి. ముక్కలు కాదు, మొత్తం. లేదంటే కోర్టు ధిక్కారం కింద మిమ్మల్నే లోపల వేయిస్తాను."

బయటికొచ్చాక టైలరక్క సుడిగాలి రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "గెలిచామా లాయరమ్మా? గెలిచినట్టేనా?"

"తలుపు తెరుచుకుందక్కా. లోపల ఏముందో దేవుడికే తెలియాలి."

అన్నది గానీ, అప్పటికప్పుడు కొత్త భయం పట్టుకుంది. గురువుగారు అబద్ధం ఆడడు. నవ్వుతూ పెట్టాడన్నాడు. ఆ కుర్రాడు నిజంగానే నవ్వుతూ పెట్టి ఉంటే? తన చేతులతో తానే కొంప ముంచుకున్నట్టు కదా! మధ్యాహ్నం దాకా ఒక్క మెతుకు దిగితే ఒట్టు.

జడ్జిగారి గదిలో ఆవిడతో కలిపి ఐదుగురే. ఫోన్లు బయటే లాక్కున్నారు. కిటికీ తెరలు వేశారు. ఇక్కడ చూసింది, విన్నది ఒక్క ముక్క కూడా బయటపెట్టబోమని అందరిచేతా ప్రమాణం చేయించారు. పిటిషను వేసింది తనే కాబట్టి టైలరక్క కూడా ఒట్టు పెట్టింది. పెట్టి, మూల కుర్చీలో చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

తెర వెలిగింది. ఓ బల్ల, రెండు కుర్చీలు. పనిబట్టల్లో తమ్ముడు. మోచేతి దగ్గర నల్లటి గ్రీజు మరక ఇంకా అలాగే ఉంది. కొట్టలేదు, అది నిజమే. అడుగుతున్నారు. వాడు చెబుతున్నాడు. "నాకు తెలీదు సార్. లిఫ్టు కేబుల్ మార్చాను, వెళ్లిపోయాను. పటాలంటే ఏంటో కూడా నాకు తెలీదు సార్." అడిగే మనుషులు మారుతున్నారు, వాడి జవాబు మారడంలేదు. ఎంత అడిగినా అదే జవాబు. టైలరక్క కళ్లు మెరిశాయి.

అప్పుడు తెరమీద కొత్త గొంతు వినబడింది, చాలా మెత్తని గొంతు. "బాబూ, మీ అక్కని కూడా తీసుకొచ్చాం. పక్క గదిలో ఉంది."

గోడ అవతలి నుంచి ఏడుపు వినిపించింది. ఆడమనిషి ఏడుపు, ఎక్కిళ్లు పెడుతూ, ఊపిరి అందనట్టు.

తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. ఎవరో భుజాలు నొక్కి కూర్చోబెట్టారు. "అక్కకేం తెలీదు సార్! ఆవిడకి ఆయాసం సార్! మంచినీళ్లివ్వండి సార్ ముందు!"

"నువ్వు సంతకం పెట్టు. నీళ్లేం ఖర్మ, ఇంటికే పంపించేస్తాం. తర్వాత మాట మార్చావనుకో, మళ్లీ తీసుకొస్తాం."

"పెడతాను. ఎక్కడ పెట్టాలి? చెప్పండి, ఎక్కడ?"

కాగితం మీద ఏముందో చదవను కూడా లేదు. ఒకదాని తర్వాత ఒకటి పెట్టేస్తున్నాడు. ఏడుపు ఆగిపోయింది. తలుపు చప్పుడైంది. "వెళ్లిపోయింది బాబూ. బండిలో ఇంటికి పంపాం." అప్పుడు నవ్వాడు వాడు. కళ్లనీళ్లు కారిపోతుంటే చిన్నపిల్లాడిలా నవ్వుతూ చివరి కాగితం మీద సంతకం పెట్టాడు.

"అది నేను కాదు!" టైలరక్క గావుకేక పెట్టింది. "నన్నెవరూ తీసుకెళ్లలేదు! అమ్మా జడ్జిగారూ, ఆ ఏడ్చింది నేను కాదమ్మా! నాకోసం పెట్టాడా వీడు? నాకోసమా? వీణ్నా నేను అనుమానించింది!"

సుడిగాలి లేచి ఆమెని పొదివి పట్టుకుంది. తన కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

పెద్దాయన ఎప్పుడు లేచాడో లేచి నిలబడి ఉన్నాడు. ఆ నిటారు నడుము కాస్త వంగింది. ఆఫీసరు వైపు తిరిగాడు. "నాకు వీడియోలో ఆఖరి సంతకం ముక్క మాత్రమే చూపించారు. ఇంతేనా అని అడిగితే ఇంతేనండీ అన్నావు. నా మొహం మీద చెప్పావయ్యా నువ్వు!"

ఆఫీసరు నీళ్లు నమిలాడు. "మొత్తం చూపించడం... దేశభద్రత దృష్ట్యా..."

"దేశమా? ఈ దాచిందాంట్లో దేశం ఎక్కడుందో చూపించు!" గంటకొట్టినట్టుండే ఆ గొంతు బొంగురుపోయింది. జడ్జిగారి వైపు తిరిగి, "ఈ వాంగ్మూలం మీద ఇక నేనొక్క మాట కూడా మాట్లాడను యువరానర్. సర్కారువారు మైకు కొనుక్కోవచ్చు," అన్నాడు. తర్వాత శిష్యురాలి వైపు చూశాడు. కోపంగా చూస్తాడనుకుంది గానీ, అలా చూడలేదు.

జడ్జిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఈ వాంగ్మూలాన్ని కొట్టేస్తున్నాను. ఇది తప్ప కేసులో ఇంకేమీ లేదు కాబట్టి ఈ సాయంత్రమే అతన్ని విడిచిపెట్టాలి. రికార్డింగు నా కస్టడీలో ఉంటుంది. అందరికీ మళ్లీ గుర్తుచేస్తున్నాను. ఇక్కడ విన్నది ఈ గడప దాటకూడదు."

గడప దాటింది మాత్రం టైలరక్కే. మోకాళ్లంటూ పొద్దున వాపోయిన మనిషి మెట్లమీద ఎలా పరిగెత్తిందో చూడాలి! సుడిగాలికే అందలేదు. కింద లాకప్పు గది ముందు పోలీసు అడ్డం వస్తే, తోసుకుని వెళ్లి ఇనపజాలీ పట్టుకుంది.

తమ్ముడు ఆమెని చూసి తుళ్లిపడి వెనక్కి జరిగాడు. "ఎందుకొచ్చావక్కా! వెళ్లిపో! వాళ్లు చూస్తే మళ్లీ..."

అప్పటికి సుడిగాలి ఆయాసపడుతూ వచ్చి టైలరక్క భుజం పట్టుకుంది. "అక్కా, ఒట్టు పెట్టావు. లోపలి మాట ఒక్కటి జారినా నిన్ను కూడా పట్టుకెళ్తారు."

"లోపలి మాట నాకెందుకు లాయరమ్మా? నా సంగతి నేను చెప్పుకోకూడదా?"

సుడిగాలి నోరు తెరిచింది. ఆమెకి తెలిసిన ఏ చట్టంలోనూ అందుకు అడ్డు కనబడలేదు. కనబడినా చెప్పేది కాదు.

టైలరక్క జాలీకి నుదురు ఆనించింది. "ఒరేయ్, ఇలా చూడు. నిన్ను ఎత్తుకుపోయిన రోజున నేను షాపులోనే ఉన్నాను. ఆ మర్నాడూ షాపులోనే ఉన్నాను. అప్పట్నించీ మిషను, ఇల్లు, ఈ కోర్టు, అంతే. నన్నెవరూ ఎక్కడికీ తీసుకెళ్లలేదురా. ఒక్క పూట కూడా."

వాడు ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. "ఒక్క పూట కూడానా?"

"నీ మీద ఒట్టు. ఒక్క పూట కూడా. సాయంత్రం నిన్ను వదిలేస్తున్నారు, ఇంటికెళ్లిపోదాం."

వాడి మొహం వెలిగింది. జాలీలోంచి వేళ్లు దూర్చి అక్క వేళ్లు పట్టుకున్నాడు. ఏడుస్తూ, నవ్వుతూ, "బాగున్నావా? ఆయాసం తగ్గిందా?" అని ఏవేవో అడిగేస్తున్నాడు. పోలీసు కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు. సుడిగాలికి ఆ క్షణంలో గాల్లో తేలిపోతున్నట్టుంది.

అడుగుతూ అడుగుతూ వాడు ఆగిపోయాడు. పట్టుకున్న వేళ్లు వదిలేశాడు.

"మరి ఆ ఏడ్చిందెవరక్కా?"

టైలరక్క సమాధానం కోసం సుడిగాలి వైపు చూసింది. సుడిగాలి అక్కడ లేదు. గౌను రెండు చేతుల్తో పైకి పట్టుకుని, జడ్జిగారు ఇంటికి వెళ్లిపోయేలోపే ఆవిడ గది చేరుకుని ఆ పక్కగది సంగతి అడగాలని మెట్ల మీద పరిగెడుతోంది.